విష్ణుక్రాంతను ఇంట్లో పెంచడం: గింజ నుంచి గింజ దాకా

విష్ణుక్రాంత గురించి మిద్దె తోటల వాళ్లు తరచూ అడిగేవి మూడు ప్రశ్నలు. నర్సరీలో కొన్న మొక్కకు పూలు ఇంత పెద్దగా ఉన్నాయేమిటి? గుట్ట దగ్గర పీకి తెచ్చి నాటితే వారంలో ఎండిపోయిందెందుకు? కుండీలో ఏపుగా పెరిగింది, మరి పూయదేం?

మొదటిదానికి జవాబు తేలిక: అది వేరే మొక్క. మిగతా రెంటికీ కారణం ఒకటే. ఇది రాతి నేల మొక్క. హైదరాబాద్ చుట్టూ బండల సందుల్లో, మొరం నేలల్లో, ఎవరూ నీళ్లు పోయని చోట దానంతట అది మొలిచేది. గులాబీకి చేసే సేవ దీనికి చేస్తే చస్తుంది. కింద చెప్పిన పనుల్లో సగం చేయకూడని పనులే.

1. ముందు మొక్క అదేనా చూసుకోండి

మనకు కావాల్సింది ఎవాల్వులస్ అల్సినాయిడిస్. చేతిలోకి తీసుకుని ఈ గుర్తులు చూడండి.

- కొమ్మలు: వేరు మొదలు దగ్గర నుంచి నలువైపులా సన్నగా, గట్టిగా బయల్దేరతాయి. నేల మీద పరుచుకుని కొసలు మాత్రం కాస్త పైకి లేస్తాయి. పొడవు సుమారు 30–40 సెం.మీ. దేనికీ చుట్టుకోవు. కణుపుల దగ్గర వేళ్లు పోయవు.
- ఆకు: 1–2 సెం.మీ., కోలగా ఉంటుంది. తెల్లటి నూగు ఒత్తుగా పరుచుకుని ఉండటంతో ఏటవాలు ఎండలో వెండి రంగు తేలుతుంది.
- పువ్వు: 1 సెం.మీ. దాటదు. నీలం రంగు, నడిమిన తెల్లటి చుక్క. రేకలు విడివిడిగా ఉండవు, ఐదూ కలిసిపోయి ఒక చిన్న పళ్లెంలా విచ్చుకుంటాయి. ఆకు మొదట్లో నుంచి వచ్చే దారం లాంటి పొడుగు కాడ చివర పూస్తుంది. ఈ కాడే అసలు గుర్తు.
- వేళ: పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే పూలు లేనట్టే అనిపిస్తుంది.

పొరబడేది ఎక్కువగా మూడింటితో.

నర్సరీల్లో విష్ణుక్రాంత పేరుతో అమ్మేది చాలాసార్లు ఎవాల్వులస్ గ్లోమెరేటస్. దక్షిణ అమెరికా మొక్క, బ్లూ డేజ్ అని కూడా పిలుస్తారు. పువ్వు 2 సెం.మీ. దాకా ఉంటుంది. పొడుగు కాడ ఉండదు, పూలు కొమ్మ చివర గుత్తిగా, ఆకులకు అంటుకున్నట్టు పూస్తాయి. అందమైన మొక్కే, తేలిగ్గా పెరుగుతుంది కూడా. కానీ మనం వెతుకుతున్నది కాదు.

రెండోది లాన్‌లలో పాకే ఎవాల్వులస్ నమ్యులేరియస్. ఆకు గుండ్రం, పువ్వు తెలుపు, కణుపు కణుపుకీ వేరు పోస్తుంది. ఇదీ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. మూడోది శంఖుపుష్పం. దాన్నీ కొందరు విష్ణుక్రాంత అంటారు గానీ, అది చిక్కుడు జాతి తీగ, పైకి పాకుతుంది. పువ్వు చూస్తే అనుమానమే ఉండదు.

2. మొక్క తేవద్దు, గింజ తెండి

దీని తల్లివేరు సన్నగా, లోతుగా బండల సందుల్లోకి దిగుతుంది. పీకితే పైన నాలుగు అంగుళాల ముక్కే చేతికొస్తుంది, నీళ్లు తాగే పిల్లవేళ్లన్నీ కిందే ఉండిపోతాయి. పైకి పచ్చగా కనబడినా నాలుగైదు రోజుల్లో కొసల నుంచి వాడుతుంది. వాడింది కదా అని నీళ్లు ఎక్కువ పోస్తే తెగిన వేరు కుళ్లుతుంది. పీకి తెచ్చిన మొక్క కథ ఎక్కువసార్లు ఇలాగే ముగుస్తుంది.

గింజ కోయడానికి మంచి కాలం అక్టోబర్ నుంచి జనవరి దాకా. కాయ 3–4 మి.మీ. గుండ్రటి ఉండ, కిందికి వంగి ఉంటుంది. పచ్చగా ఉన్నప్పుడు కోస్తే గింజ పనికిరాదు. గడ్డి రంగుకు తిరిగి, వేలితో నొక్కితే కరకరమన్నప్పుడు కోయాలి. ఇంకో రెండు రోజులు ఆగితే నాలుగు పలకలుగా పగిలి గింజలు రాలిపోతాయి. ఒక్కో కాయలో 1 నుంచి 4 గింజలు. గసగసాల కంటే కాస్త పెద్దవి, నువ్వుల కంటే చిన్నవి, ముదురు గోధుమ లేదా నలుపు రంగు.

ఒకే మొక్క మీద పువ్వు, పచ్చి కాయ, ఎండు కాయ అన్నీ ఒకేసారి ఉంటాయి. కాబట్టి ఒకేసారి ఊడ్చుకొచ్చే పని కుదరదు. తెల్ల కాగితం కింద పట్టి, ఎండిన కాయల్ని మాత్రం గోటితో తుంచండి.

ఎక్కడ కోయాలి? ఊరి శివార్లలో ఇంకా బండలు మిగిలిన ఖాళీ ప్లాట్లు, చెరువు కట్టల పక్క మొరం దిబ్బలు. స్థలం ఎవరిదో వాళ్లను అడిగి కోయండి. ఒక్కో మొక్క నుంచి ఐదారు కాయలకు మించొద్దు. కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి మూడూ జాతీయ ఉద్యానాలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కిందికి వస్తాయి. అక్కడ కాయ కూడా ముట్టుకోవద్దు.

30–40 గింజలుంటే రెండు కుండీలకు సరిపోతాయి. అన్నీ మొలవవు, మొలిచినవన్నీ నిలవవు.

3. చోటు, కుండీ

రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. తూర్పు గానీ దక్షిణం గానీ తెరిచి ఉన్న డాబా, బాల్కనీ అంచు బాగుంటాయి. షేడ్‌నెట్ కింద పెడితే బతుకుతుంది, పూయదు. పక్క అపార్ట్‌మెంట్ నీడ పది గంటల దాకా పడే బాల్కనీలో దీని జోలికి పోకపోవడమే మంచిది. పువ్వు విచ్చుకునేది ఆ పొద్దుటి ఎండకే.

కుండీ మట్టిదై ఉండాలి. వెడల్పు 12 అంగుళాలు, లోతు 9–10 అంగుళాలు. ఇలాంటి కుండీలో మూడు మొక్కలు పెంచవచ్చు. ప్లాస్టిక్ కుండీ, గ్రో బ్యాగ్ తడిని పట్టేస్తాయి. అవే ఉంటే అడుగున ఇంకో నాలుగు రంధ్రాలు పెట్టి, పక్కల నుంచి అడుగుకు అంగుళం పైన కూడా రెండు రంధ్రాలు పెట్టండి.

కుండీ కింద రెండు ఇటుక ముక్కలు తప్పనిసరి. నేరుగా డాబా మీద పెడితే వానాకాలంలో రంధ్రం మూసుకుపోతుంది, ఎండాకాలంలో కాలిన సిమెంటు వేళ్లను ఉడికిస్తుంది. కుండీ అడుగుకు తగిలేలా కింద ప్లేటు పెట్టొద్దు.

4. మట్టి: అసలు పని ఇక్కడే

మొక్క నిలవాలన్నా పోవాలన్నా ఎక్కువ భాగం మట్టితోనే తేలిపోతుంది కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

12 అంగుళాల కుండీకి, ఒక లీటరు మగ్గు కొలతగా:

- ఎర్రమట్టి: 5 మగ్గులు
- దొడ్డు ఇసుక: 3 మగ్గులు
- మొరం, లేదా 6 మి.మీ. కంకర: 3 మగ్గులు
- బాగా మాగిన వర్మీకంపోస్టు: 1 మగ్గు

ఇంతే. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) వద్దు. నర్సరీల్లో అమ్మే తయారు పాటింగ్ మిక్స్‌లో సగానికి సగం కోకోపీటే ఉంటుంది. అందులో పెడితే ఆకులు పెద్దవై, కొమ్మలు మెత్తబడి, సెప్టెంబర్ వానలకు మొదలు దగ్గర కుళ్లుతుంది. ఆవు పేడ, జీవామృతం, డీఏపీ కూడా వద్దు. కూరగాయలకు పనికొచ్చేవన్నీ దీనికి పనికొస్తాయనుకోవడం మిద్దె తోటల్లో మామూలు పొరపాటు.

ఒక్కో సరుకునూ వాడేముందు పరీక్షించండి.

ఎర్రమట్టి: సెల్లార్ తవ్వకాల దగ్గర దొరికే మట్టిలో సిమెంటు, సున్నం కలిసి ఉండవచ్చు. చెంచాడు పొడి మట్టి మీద నిమ్మరసం పిండండి. బుసబుసమని నురగ వస్తే ఆ మట్టి వదిలేయండి. రాకపోతే తడిపి పిడికిట్లో ముద్ద చేసి, వేలితో తాకండి. ముద్ద విరిగి రాలిపోతే బాగున్నట్టు. బంకలా సాగితే జిగురు ఎక్కువ, ఇసుక ఇంకో మగ్గు పెంచి మట్టి ఒక మగ్గు తగ్గించండి.

ఇసుక: రోబో శాండ్ వాడొచ్చు గానీ అందులోని రాతి పిండి నీళ్లు తగిలాక బిగుసుకుంటుంది. బకెట్లో వేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. మూడు నాలుగు సార్లు పడుతుంది. నది ఇసుకైతే జల్లెడ పట్టి సన్నది తీసేసి దొడ్డుది ఉంచుకోండి.

నల్లరేగడి: ఎంత కలిపినా వద్దు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారి వేరును తెంపుతుంది.

బయటి మట్టిలో తుంగ గడ్డలు, కలుపు గింజలు తప్పకుండా ఉంటాయి. మేలో మట్టిని తడిపి, పలుచని పారదర్శక పాలిథిన్ కవరు కింద, గాలి పోకుండా అంచులు మూసి ఐదారు వారాలు ఎండలో ఉంచండి. హైదరాబాద్ ఎండకు చాలా కలుపు గింజలు చస్తాయి. తుంగ గడ్డ మాత్రం మొండిది, దాన్ని జల్లెడ పట్టి చేత్తోనే ఏరాలి.

కుండీ నింపేటప్పుడు రంధ్రం మీద పెంకు ముక్క వాలుగా పెట్టండి. దాని మీద నేరుగా మిశ్రమం పోయండి. అడుగున రెండు అంగుళాల కంకర పరవడం అనే అలవాటు మానేయవచ్చు. దానివల్ల నీరు త్వరగా దిగదు, పైగా వేరుకు లోతు తగ్గుతుంది. పైన అంగుళం ఖాళీ వదలండి.

నింపాక ఒక లీటరు నీళ్లు పోసి గడియారం చూడండి. అర నిమిషం లోపు పైన నీళ్లు ఇంకిపోవాలి. రెండు నిమిషాలు నిలిస్తే మిశ్రమం బరువుగా ఉన్నట్టే. కుండీ ఖాళీ చేసి, ఇంకో రెండు మగ్గుల దొడ్డు ఇసుక కలిపి మళ్లీ నింపండి.

5. గింజ పొర గీయాలి

గింజ పైపొర గట్టిది, నీళ్లను లోపలికి రానివ్వదు. అడవిలో ఎండ, వాన, గులకరాళ్ల రాపిడి కలిసి నెలల తరబడి చేసే పనిని మనం పది నిమిషాల్లో చేయాలి. ఈ మెట్టు వదిలేసి చల్లితే నూటికి కొన్నే మొలుస్తాయి, అవీ ఎప్పుడు మొలుస్తాయో తెలియదు.

1. ఖాళీ అగ్గిపెట్టె అడుగున 120 నంబరు శాండ్ పేపర్ ముక్క పరవండి. గరుకు వైపు పైకి ఉండాలి.
2. గింజలు వేసి, ఇంకో ముక్కను గరుకు వైపు కిందికి పెట్టి, వేలితో తేలిగ్గా గుండ్రంగా 25–30 సార్లు రుద్దండి. నొక్కితే గింజ పగులుతుంది.
3. ఒక గింజను వెలుతురులో చూడండి. నునుపు మెరుపు పోయి మసకబారితే చాలు.
4. గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టండి.
5. పొద్దున చూస్తే కొన్ని ఉబ్బి ఉంటాయి, కొన్ని అలాగే ఉంటాయి. ఉబ్బినవి అదే రోజు విత్తాలి. ఉబ్బనివి ఆరబెట్టి మళ్లీ రుద్ది, మళ్లీ నానబెట్టండి.

ఈ ఐదో మెట్టే మీకు పరీక్ష. ఉబ్బిన గింజ అంటే నీళ్లు లోపలికి పోయినట్టు. ఒక్కటీ ఉబ్బకపోతే రుద్దడం చాలలేదు. అన్నీ ఉబ్బి మెత్తగా చిదిమితే పాలలా వస్తుంటే గింజలు పచ్చివి, లేదా రుద్దడం మితిమీరింది.

శాండ్ పేపర్ లేకపోతే నీళ్లు మరిగించి, దించి ఐదు నిమిషాలు ఆగి, గింజల మీద పోసి అలాగే చల్లారనివ్వండి. పనవుతుంది గానీ అన్ని గింజలకూ ఒకే తీరుగా తగలదు.

6. విత్తడం

రోహిణి కార్తె ఎండలు తగ్గి, మృగశిర వచ్చాక, అంటే జూన్ రెండో వారం నుంచి జులై మధ్య దాకా విత్తవచ్చు. అంతకు ముందు వేస్తే మొలక ఎండకు మాడుతుంది. ఆగస్టులో వేసినా మొలుస్తుంది గానీ చలి వచ్చేలోపు వేరు దిగదు, ఆ ఏడు పూలు తక్కువ.

నారు పోసి పీకి నాటే మొక్క కాదిది. రెండే దారులు: నేరుగా పెంచే కుండీలోనే విత్తడం, లేదా అడుగు కత్తిరించగలిగే పేపర్ టీ కప్పుల్లో విత్తి, కప్పుతో సహా దించడం. మొదటిదే మేలు.

- కుండీ మట్టిని ముందురోజు బాగా తడిపి ఉంచండి.
- 10 సెం.మీ. ఎడంతో నాలుగైదు చోట్ల, ఒక్కోచోట మూడేసి గింజలు పెట్టండి.
- పైన 2–3 మి.మీ. మందాన సన్న ఇసుక చల్లండి. లోతుగా పూడిస్తే ఇంత చిన్న గింజకు పైకి వచ్చే సత్తువ ఉండదు.
- స్ప్రేయర్‌తో తడపండి. మగ్గుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి.
- చీమల కోసం కుండీ కింది ఇటుకల చుట్టూ పసుపు గీత గీయడం కొంతవరకే పనిచేస్తుంది. ఇటుకలను నీళ్లున్న పళ్లెంలో నిలబెట్టడం ఖాయమైన పద్ధతి. కుండీ అడుగు నీళ్లకు తగలకూడదు. పళ్లెంలో నీళ్లు రెండు రోజులకోసారి పారబోసి మార్చండి, లేదంటే దోమలు పెడతాయి.
- పావురాల కోసం కుండీ మీద సన్న కన్నాల వల కట్టండి. మన ఊళ్లో ఇది లేకుండా ఏ విత్తనమూ నిలవదు.

వారం నుంచి మూడు వారాల్లో మొలుస్తాయి. కొన్ని నెల దాటాక కూడా వస్తాయి, కాబట్టి ఖాళీగా ఉన్న చోటును తవ్వి చూడొద్దు.

7. మొదటి ఆరు వారాలు

మొలకలు పోయేది ఎక్కువగా ఇప్పుడే. పైన 1 సెం.మీ. మట్టి తడి తగ్గినప్పుడు మాత్రమే స్ప్రే చేయండి, పొద్దున పూటే. సాయంత్రం తడిపితే రాత్రంతా తడి నిలిచి నారుకుళ్లు వస్తుంది. మొలక మొదలు దగ్గర సన్నబడి, గోధుమ రంగుకు తిరిగి పడిపోతే అదే. పడ్డది లేవదు. దాన్ని తీసేసి, పైన పొడి ఇసుక పలుచగా చల్లి, రెండు రోజులు నీళ్లు ఆపండి.

గట్టి వాన వచ్చే సూచన ఉంటే కుండీని సన్‌షేడ్ కిందికి జరపండి. వాన ఆగగానే మళ్లీ ఎండలోకి. మన దగ్గర ఒక్క గంట కుంభవృష్టి చాలు, మొలకలు మట్టిలో కూరుకుపోతాయి.

నాలుగు నిజమైన ఆకులు (మొలకతో వచ్చే మొదటి రెండూ లెక్కలోకి రావు) వచ్చి, నూగు కనిపించాక ఒక్కోచోట బలమైన ఒక్క మొలకను ఉంచండి. మిగతావి పీకొద్దు, కత్తెరతో మొదలంటా కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. చివరికి కుండీకి మూడు మొక్కలు మిగలాలి.

నత్తలు రాత్రి పూట వస్తాయి. పొద్దున మొలక ఉన్న చోట మెరిసే జిగురు గీత కనిపిస్తే నత్తే. టార్చితో ఏరడం తప్ప మంచి ఉపాయం లేదు. ఉప్పు చల్లితే మొక్కకూ ముప్పే.

8. నీళ్లు

ఆరు వారాలు దాటాక లెక్క మారుతుంది. వేలు మొదటి కణుపు దాకా మట్టిలోకి దించండి. తడి తగిలితే నీళ్లొద్దు. పొడిగా ఉంటే 12 అంగుళాల కుండీకి సుమారు ఒక లీటరు, అడుగు నుంచి కారేదాకా.

- జులై–సెప్టెంబర్: వాన ఆగి నాలుగు రోజులైతేనే.
- అక్టోబర్–జనవరి: వారానికి రెండుసార్లు.
- ఫిబ్రవరి–మార్చి: రెండు రోజులకోసారి. ఈ నీళ్లు అందితే ఉగాది దాకా పూస్తుంది.
- ఏప్రిల్–మే: దీని సంగతి 11వ భాగంలో.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో కొన్ని నెలలకు కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. ఆకు అంచులు మాడటం అక్కడి నుంచే మొదలవుతుంది. నెలకోసారి నల్లా నీళ్లో, పట్టిన వాన నీళ్లో మూడు లీటర్లు మెల్లగా పోసి ఉప్పును కిందికి కడిగేయండి. ఆర్‌ఓ ఫిల్టర్ వదిలే వృథా నీళ్లు మాత్రం పోయొద్దు. ఉప్పంతా అందులోనే ఉంటుంది.

9. ఎరువు, కత్తిరింపు, చవితి పత్రి

ఏడాదికి ఒక్కసారి, దసరా తర్వాత, కుండీకి గుప్పెడు వర్మీకంపోస్టు మట్టి పైపొరలో కలపండి. అంతకు మించి ఏమీ వద్దు.

విత్తిన రెండున్నర, మూడు నెలలకు పూత మొదలవుతుంది. అప్పటికి కొమ్మలు 10 సెం.మీ. దాటి ఉంటే కొసలు 2 సెం.మీ. తుంచండి. పక్క కొమ్మలు వచ్చి గుబురవుతుంది.

వినాయక చవితికి "భిన్నదంతాయ నమః" అని సమర్పించే పత్రి ఇదే. మొదటి ఏడు మొక్క ఇంకా చిన్నది కాబట్టి కుండీ మొత్తానికి రెండు మూడు రెమ్మలే తీసుకోండి. రెండో ఏడు నుంచి మూడో వంతు దాకా కోయవచ్చు. మొదలు దగ్గర 5 సెం.మీ. వదిలి, కత్తెరతో, కణుపుకు కాస్త పైన కోయాలి. పూజకు రెమ్మ చాలు, వేరుతో పని లేదు. మార్కెట్లో పత్రి కట్టల్లో వేళ్లతో సహా కనిపించే మొక్కలు ఏ గుట్టను ఖాళీ చేసి వచ్చాయో ఊహించుకోవచ్చు. కుండీలో పెంచుకోవడానికి అది ఒక్కటే చాలినంత కారణం.

కత్తిరించిన కొమ్మలతో మొక్కలు కట్టాలనుకుంటే మొదలు వైపు కాస్త గట్టిపడిన, మూడు నాలుగు కణుపుల ముక్కలు తీసుకుని, తడి ఇసుకలో, నీడలో పెట్టి ప్రయత్నించవచ్చు. గింజంత నమ్మకమైన దారి కాదు.

10. నేలలో పెంచాలంటే

పెరడు ఉన్నవాళ్లకు కుండీ కంటే నేలే నయం, నేల ఎర్రదైతే. గేటు పక్క, ప్రహరీ దగ్గర ఎండ పడే వాలు చోటు ఎంచుకోండి. అడుగు లోతు తవ్వి, వచ్చిన మట్టికి మూడో వంతు మొరం కలిపి తిరిగి నింపండి. చుట్టూ నేల కంటే ఆరు అంగుళాలు ఎత్తుగా ఉండాలి. పిడికెడంత గ్రానైట్ రాళ్లు అక్కడక్కడా సగం పూడ్చి, వాటి సందుల్లో 25 సెం.మీ. ఎడంతో విత్తండి. రాయి కింద తడి ఆరదు, వేరు అక్కడికి పోతుంది.

నల్లరేగడి ఉన్నచోట తవ్వొద్దు. ఇటుకలతో అడుగు ఎత్తు మడి కట్టి కుండీ మిశ్రమమే నింపండి.

గడ్డి చేమంతి, గరిక, వయ్యారిభామ ఈ చిన్న మొక్కను నెలలో కప్పేస్తాయి. వానాకాలంలో వారానికోసారి కలుపు తీయాల్సిందే. కలుపు మందు కొట్టారంటే ముందు పోయేది ఇదే.

11. ఎండాకాలం: చచ్చిందని పారేయకండి

ఏప్రిల్ చివరికి కొమ్మలు ఎండి పుల్లలవుతాయి. ఇది మొక్క పద్ధతి. పైభాగం వదిలేసి, గట్టిబడిన వేరు మొదలుతో వేసవి గడిపి, తొలకరికి చిగురిస్తుంది. చాలా కుండీలు ఇక్కడే ఖాళీ అవుతాయి, ఎండిపోయిందని పీకి పారేసి ఇంకేదో నాటుతారు కాబట్టి.

ఎండు కొమ్మను మొదలు దగ్గర గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉంది. కొమ్మలను 5 సెం.మీ.కి కత్తిరించి, కుండీని మధ్యాహ్నం నీడ పడే చోటికి జరిపి, ఐదు రోజులకోసారి అర లీటరు నీళ్లు పోయండి. రోజూ పోస్తే ఆకు లేని మొక్క ఆ నీళ్లను తాగలేదు, వేరు కుళ్లుతుంది. మృగశిర రాగానే మళ్లీ పూర్తి ఎండలోకి. జూన్ చివరికి కూడా చిగురు లేకపోతే అప్పుడు ఆశ వదులుకోవచ్చు.

12. ఏది తప్పింది, ఏం చేయాలి

- *ఏపుగా ఉంది, పూలు లేవు:* ఎరువు ఎక్కువ లేదా ఎండ తక్కువ. ఎరువు ఆపి, ఎండలోకి జరిపి, సగానికి కత్తిరించండి.
- *పూలున్నాయి, విచ్చుకోవు:* మీరు చూసే వేళ తప్పు, లేదా మబ్బు. తొమ్మిది గంటలప్పుడు చూడండి.
- *కింది ఆకులు పసుపు, మట్టి తడి:* వేరుకు గాలి లేదు. అడుగు రంధ్రంలో పుల్ల పెట్టి తిప్పండి, వారం నీళ్లు ఆపండి.
- *ఆకు మీద నూగు పోయి, పసుపు చుక్కలు, సన్నటి బూజు లాంటి దారాలు:* ఎర్రనల్లి. ఫిబ్రవరి తర్వాత వస్తుంది. మూడు రోజులు వరసగా పొద్దున ఆకుల అడుగున నీళ్లు గట్టిగా చల్లండి.
- *కణుపుల్లో తెల్లటి దూది:* పిండినల్లి. కొద్దిగా ఉంటే పాత టూత్‌బ్రష్‌తో రాల్చండి. ఎక్కువైతే లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. ముందు ఒక్క కొమ్మ మీద కొట్టి రెండు రోజులు ఆగండి. ఈ నూగాకు నూనెను పట్టి ఉంచుకుంటుంది, మోతాదు పెరిగితే మాడుతుంది.
- *మొక్క మధ్యలో ఖాళీ, చుట్టూ మాత్రమే ఆకులు:* ముదిరిన కొమ్మలు. వానాకాలం మొదట్లో మొదలు దగ్గర 5 సెం.మీ. వదిలి కత్తిరిస్తే కొత్తవి వస్తాయి.

13. గింజ దాచుకోవడం

డిసెంబర్ నుంచి కుండీ కింద పాత పేపర్ పరిచి ఉంచండి, రాలిన గింజల్లో సగమైనా చేతికొస్తాయి. కోసిన కాయల్ని నీడలో వారం ఆరబెట్టి, అరచేతిలో నలిపి, పొట్టు ఊది, కాగితపు కవరులో పోయండి. కవరు మీద కోసిన నెల, ఏడాది రాయండి. ప్లాస్టిక్ కవరులో వేస్తే లోపలి చెమ్మకు బూజు పడుతుంది. ఎండ తగలని అలమరలో మూత ఉన్న స్టీలు డబ్బాలో ఉంచితే వచ్చే మృగశిర దాకా, ఆ తర్వాత ఏడుకూ పనికొస్తాయి. శాండ్ పేపర్ రాపిడి మాత్రం విత్తే ముందురోజే చేయాలి. ముందే గీకి దాచిన గింజ చెమ్మ పీల్చి డబ్బాలోనే పాడవుతుంది.

కుండీలో రాలిన గింజలు కొన్ని రెండో ఏడు వానలకు తమంతట తామే మొలుస్తాయి. తల్లి మొక్కకు చేరువగా వచ్చినవాటిని కత్తిరించేయండి. అంచున వచ్చినవాటిని ఉంచి, రెండు మూడేళ్లకు తల్లి ముదిరి పూత తగ్గినప్పుడు వాటికి చోటివ్వండి.